పరదా వెనక చెక్కసుత్తి

సౌమ్యురాలట. ఏనాడూ గొంతెత్తి మాట్లాడి ఎరుగనిదట.

మిర్యాలగూడలో బస్సు దిగి, వాళ్ల వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి మూడుసార్లు చదివాను. ఫొటో ఆమెదే. రెండు పక్కలా దీపాలు, వెనక మబ్బులు, మబ్బుల్లో పావురాలు. అడుగున శ్రద్ధాంజలి ఘటిస్తున్నవారి వరుసలో మరిది పేరు, ఆమె పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. రాసినవాడు ఆమెను ఒక్కసారి కూడా వినలేదన్నమాట. లేదంటే విని, విననట్టే ఉండాలని గట్టిగా తీర్మానించుకున్నాడు.

పోయినవాళ్లను పొగిడితే నాకేం పేచీ లేదు. పోయినవాళ్లను మార్చేస్తేనే ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఒకసారి నేను ఎక్కడైనా రాస్తానంటే, "పేరెందుకు, పని రాయి. పేరు రాసినవంటే ఇదిగో," అని చెక్కసుత్తి చూపించింది. ఆ సుత్తి దెబ్బ ఎలాంటిదో నాకు తెలుసు.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. చివ్వెంల వైపునుంచి వచ్చే ఆడపిల్లలకు వారంలో రెండు రోజులు బస్సు తప్పుతుంది, బస్సుతో పాటు నా క్లాసూ తప్పుతుంది. పాఠాలు గొంతుతో రికార్డు చేసి ఫోన్లకు పంపితే వింటారు కదా అనుకున్నాను. కోదాడలో ఒకాయన గది అద్దెకు తీసుకుని రికార్డింగులు చేస్తున్నాడని విని వెళ్లాను. అరగంట చదివించుకున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి, ఏదో చావుకబురు చెప్పేవాడిలా మొహం పెట్టాడు.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. మీ గొంతు కొంచెం జీరగా ఉందండీ. యాస కూడా కాస్త... మీరు రాసిచ్చేయండి, కంప్యూటర్ గొంతుతో చదివించేద్దాం. తేనెలా ఉంటుంది. అలసట లేదు, కోపం లేదు, మధ్యలో టీ కూడా అడగదు."

"టీ నేనూ అడగలే. మీరిచ్చిందీ లేదు," అని వచ్చేశాను.

కానీ ఇంటికొచ్చి, ఆయన ఫోన్‌కు పంపిన ఆ రికార్డింగు విన్నాను. నిజం చెప్పాలి కదా, గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టే ఉంది. గొంతు అడుగున ఉండే బరువు లేదు, జీర మాత్రమే ఉంది. నా గొంతులో జీర ఉన్నమాట నిజమే. ఇరవై రెండేళ్లు అరవైమంది పిల్లల మీద గెలిచిన గొంతు అది. కానీ దాని అడుగున ఇంకేదో కూడా ఉంటుంది, అది ఎటు పోయింది? మైకునుంచి వచ్చే కరెంటు బహు సన్నంగా ఉంటుంది. దాన్ని రికార్డు చేయగలిగేంత పెంచే పెట్టెను ప్రీయాంప్ అంటారు. పాతకాలం పెట్టెల్లో, లోపలికి పోయే దారిలోనే వేలెడంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండేది. గొంతును అడుగుతో సహా పదింతలు చేసి లోపలికి పంపేది. ఇప్పటి చవక డబ్బాల్లో అది ఉండదు. కోదాడ ఆయన గొంతు మార్చమన్నాడు. నేను డబ్బా మార్చాలనుకున్నాను.

పాత పుస్తకంలోంచి సర్క్యూట్ గీసుకున్నాను. నాలుగు ట్రాన్సిస్టర్లు, ముల్లు కదిలే మీటరు, పెద్ద నాబు, ఇవన్నీ దొరికాయి. ట్రాన్స్‌ఫార్మర్ దొరకలేదు. దానికి కావలసిన నికెల్ కలిసిన పల్చటి రేకులు మాత్రం హైదరాబాదులో పాత సామాన్ల వాడి దగ్గర, రెండు ట్రాన్స్‌ఫార్మర్లకు సరిపడా దొరికాయి. వాటి మీద వెంట్రుకకన్నా సన్నని రాగితీగ చుట్టేవాళ్లు కావాలి. సూర్యాపేటలో మోటార్ వైండింగ్ చేసే ఇద్దరిని అడిగాను. ఒకాయన నవ్వాడు. రెండో ఆయన, "బోరు మోటర్ ఉంటే తీస్కరా మేడమ్, గీ బొమ్మలు మేం సెయ్యం," అన్నాడు.

అట్లా మిర్యాలగూడలో ఆ షాపు ముందుకు వచ్చాను. రైసుమిల్లుల ఊక గాలికి లేచి, బయట పెట్టిన మోటార్లన్నిటి మీదా మీగడలా పేరుకుని ఉంది. కౌంటర్‌లో తెల్లచొక్కా ఆయన, చేతిలో చాయ గ్లాసు. ఆయన వెనక ఆకుపచ్చ పరదా. నాకు ముందు ఒక రైతు నిలబడి ఉన్నాడు, కాలిపోయిన మోటారు ఆటోలో ఉంది.

"ఎప్పుడిస్తవు సేటూ? నారు ఎండుతున్నది," అన్నాడు రైతు.

"రేపు తీస్కపో," అన్నాడు తెల్లచొక్కా.

పరదా వెనకనుంచి ఠక్, ఠక్, ఠక్ అని మూడు దెబ్బలు వినిపించాయి.

తెల్లచొక్కా చాయ గుటక వేసి, "రేపంటే... మూడు రోజులు వట్టుద్ది," అన్నాడు. రైతు పరదా వంక చూడను కూడా చూడలేదు, "సరే" అని పోయాడు.

నా వంతు వచ్చింది. రేకులూ, వెంట తెచ్చిన రాగితీగా చూపించి, ఒక పక్క రెండొందల చుట్లు, ఇంకో పక్క రెండు వేల చుట్లు అని చెప్తున్నాను. ఆయన సగం కూడా వినకుండానే, "ఐతది మేడమ్, రేపు రండి," అన్నాడు.

ఈసారి దెబ్బలు రాలేదు. గొంతే వచ్చింది.

"ఏమైతది? నీకేం ఎరుకని ఐతదంటవు? ఏ గేజు తీగనో అడిగినవా?"

నేను పరదా తీసి లోపలికి పోయాను. పోకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా పోయేదాన్నే. ఆమె నేలమీద కూర్చుని ఉంది. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. రెండు కాళ్ల మధ్య ఒక మోటారు, ఒడిలో చెక్కసుత్తి. చుట్టిన తీగల కొసలను తెల్ల దారంతో కట్టేస్తోంది, చూడకుండానే, వేళ్ల మధ్య దారం మెలితిప్పి చకచకా ముడి మీద ముడి. నేను తెచ్చిన తీగ కొస అందుకుని కింది పెదవి మీద నెమ్మదిగా లాగింది.

"ఏం చేస్తున్నవక్కా?"

"వేళ్లకు కాయలు కాసినయి. సన్న తీగల గాటు ఉంటే వేలికి ఎరుకగాదు. పెదవికి కాయ కాయలే ఇంకా." మళ్లీ లాగింది. "మంచిగనే ఉన్నది. మిక్సీ మోటర్ల తీగ కన్న సన్నం. దేనికిది?"

"నా గొంతుకు."

ఆమె తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ గొంతుకేమైంది? బజారు దాంక ఇనవడుతున్నది గద."

మా స్నేహం అక్కడ మొదలైంది. స్నేహం అన్నది మర్యాదకు రాస్తున్న మాట. మేమిద్దరం కూర్చున్నప్పుడల్లా కొట్లాడుకునేవాళ్లం. నేను లెక్క చెప్తే, "నీ పుస్తకంల నీళ్లు ఎన్ని పారినయే పంతులమ్మా?" అనేది. ఆమె అనుభవం చెప్తే నేను కారణం అడిగేదాన్ని. కారణం అడిగితే ఆమెకు ఒళ్లు మండేది. తీగ చుట్టే మిషనుకు చుట్లు లెక్కపెట్టే మీటరు ఒకటుంది. దాన్ని నమ్మేది కాదు. వంద చుట్లకు ఒక చింతగింజ స్టీలు గిన్నెలో వేసేది. గింజ పడిన చప్పుడయ్యేదాకా నన్నూ మొగుణ్నీ మరిదినీ వరుసపెట్టి తిడుతూనే ఉండేది, లెక్క మాత్రం తప్పేది కాదు. ఒకరోజు నేను దొంగతనంగా మీటరుతో పోల్చి చూశాను. మీటరే తప్పింది.

పరదా ఎందుకని అడిగాను.

"ఆడది సుట్టిందంటే మోటర్ ఇయ్యరు. ఇచ్చినా, రేపు ఓల్టేజి ఎక్కువై కాలితే ఆడది సుట్టింది గనుకనే కాలిందంటరు."

"కాలిపోతే మగాడు చుట్టినా కాలుతది కదా."

"గది నాకు సెప్తవేంది? బయటికి పోయి ఆళ్లకు సెప్పు. మోటర్‌కు మొగోడు ఆడది ఎరుకలేదు, ఓల్టేజే ఎరుక. మనుషులకే ఎరుక."

పెళ్లయిన కొత్తలో మొగుడి దగ్గరే పని నేర్చుకుందట. రెండేళ్లలో ఆయన కన్నా బాగా చుట్టడం మొదలుపెట్టేసరికి ఆయన లేచి కౌంటర్‌లోకి పోయాడట. మధ్యలో పరదా కట్టింది ఎవరో ఆమె చెప్పలేదు. ఒకసారి గుచ్చి గుచ్చి అడిగితే, "గుడ్డ నాదే," అని మాత్రం అంది.

మొదటి ట్రాన్స్‌ఫార్మర్ ఎంత అందంగా వచ్చిందంటే, చూస్తుంటే చేతిలో పెట్టుకుని తిరగాలనిపించింది. చుట్లు పూర్తిచేసి, రేకులు ఒకటి అటు ఒకటి ఇటు దూర్చి, చివరగా సుత్తి తీసుకుని నాలుగు పక్కలా నాలుగు దెబ్బలు వేసింది. వైండింగ్ షాపుల్లో అది రివాజు. ఆఖరి నాలుగు దెబ్బలు పడందే ఏ పనీ గడప దాటదు. నేను పక్కనే కూర్చుని ఆ దెబ్బలను మెచ్చుకున్నాను కూడా.

సూర్యాపేట తెచ్చి పెట్టెలో బిగించి మాట్లాడాను. కోదాడ డబ్బాకన్నా అధ్వానం. అడుగు పూర్తిగా పోయింది. రెండు రోజులు తీగలన్నీ తడిమి, చివరికి పుస్తకం తెరిస్తే, నికెల్ రేకుల మీద దెబ్బ పడితే వాటి గుణం పోతుంది, కొట్టకూడదు, వంచకూడదు అని రాసి ఉంది. ఆ వాక్యం కింద గీత ఉంది. గీత నేను గీసిందే. ఆమె సుత్తి ఎత్తినప్పుడు నాకది గుర్తుకు రాలేదు. ఏ పనికైనా ఆఖర్న నాలుగు దెబ్బలు చూసి పెరిగినదాన్ని, దెబ్బ అంటే పని అయిపోయిందని గుర్తు నాకు కూడా. ఇంత నోరున్నదాన్ని, తెరవాల్సినచోట తెరవలేదు.

మళ్లీ మిర్యాలగూడ పోయి చెప్పాను.

"సుట్టుడు పాడైందా, రేకులు పాడైనయా?" అంది.

"రేకులు."

"మరి నా సుట్టుడుకు పేరు వెట్టకు." చేతిలోని తీగ పక్కన పెట్టింది. "కొట్టొద్దని నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకై నోరు మూసుకున్నవా? నువ్వా?"

ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఇంకొక్కదానికే రేకులున్నాయని చెప్పాను. ఆమె లేచి పరదా తీసి, సుత్తిని మొగుడి చేతికిచ్చింది. "కౌంటర్ కింద వెట్టు. నా దగ్గరుంటే నా సెయ్యి ఊకోదు."

ఆరోజు షాపు చూడాల్సింది. రైతు ఒకాయన వచ్చి ఎప్పుడిస్తవని అడిగాడు. తెల్లచొక్కా ఆయన అలవాటుగా, "రేపు..." అని ఆగి, దెబ్బల కోసం చెవి వెనక్కి పెట్టాడు. దెబ్బలు లేవు. సుత్తి ఆయన కాళ్ల దగ్గరే ఉంది. "రేపు... అంటే... సూడాలె..." అని నీళ్లు నములుతున్నాడు. లోపల ఆమె పెదవి మీద తీగ ఉంది, గిన్నెలో పద్నాలుగో గింజ పడబోతోంది. పెదవి మీది తీగ తీసి ఒక్క కేక వేసింది:

"ఎల్లుండి పొద్దుగాల రమ్మని సెప్పరాదూ!"

నేను పరదా సందులోంచి చూశాను. రైతు కాసేపు పరదాను, కాసేపు తెల్లచొక్కాను చూసి, "ఎల్లుండొస్త," అని పోయాడు. ఆమె పద్నాలుగో గింజ వేసింది.

రెండో ట్రాన్స్‌ఫార్మర్‌ను నా చేతికివ్వలేదు. "నువ్వు బ్యాగుల ఏసుకుని ఊపుకుంట పోతవు," అని తానే బయల్దేరింది. టిఫిన్ బాక్సులో దూది పరిచి, దాని మీద పెట్టి, మిర్యాలగూడనుంచి సూర్యాపేటదాకా ఒడిలో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా బాక్సును గాల్లోకి ఎత్తేది. "ఏందమ్మా, గుడ్లా?" అన్నాడు కండక్టర్. "ఔ, నీ అసుంటోడే పొదుగుతుండు," అంది. బస్సంతా నవ్వింది, కండక్టరుతో సహా.

మా ఇంట్లో గోడలకు బొంతలు వేలాడదీసిన గది నా స్టూడియో. మధ్యాహ్నం. చుట్టుపక్కల పొలాల మోటార్లకు కరెంటిచ్చే వేళ ఇంటి కరెంటు లైనులో ఒకటే గుంయిమనే మోత, అందుకని పెట్టెకు రెండు బైకు బ్యాటరీలు కలిపాను. బిగించాను. మైకు ముందు ఆమెను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను.

"ఏం మాట్లాడాలె?"

"రోజూ ఏం అనాలనిపిస్తదో అది."

గొంతు సవరించుకుంది. ఆ సవరింపే హెడ్‌ఫోన్‌లో విని ఉలిక్కిపడి, చెవులమీద చేతులు పెట్టుకుంది. "గిది నేనా?"

"నువ్వే."

హెడ్‌ఫోన్ సరిగ్గా సర్దుకుంది. తర్వాత మొదలుపెట్టింది. మెల్లగా మొదలుపెట్టిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఆమె తెలియదు.

"ఇగో, ఇనుండ్రి. మిర్యాలగూడ సుట్టుముట్టు నీళ్లు వోస్తున్న మోటర్లల్ల సగం నేను సుట్టినయే. మా ఆయన సుట్టలే. మా ఆయన కౌంటర్ల కూసోని చాయ తాగిండు. మా మరిది షాపు బోర్డు మీద పేరు రాపిచ్చుకుండు. పరద ఎనకకెల్లి సుత్తితోని మాట్లాడి మాట్లాడి నా సెయ్యి గుంజుతున్నది. నాకు నోరున్నది!"

మీటరు ముల్లు ఎర్రగీత దాటి అంచుకు కొట్టుకుంది. గొంతు పగిలిపోతుందని నేను నాబు దించబోయాను. మాట ఆపకుండానే నా చేతి మీద ఫటీమని ఒకటి వేసింది. "దించకు! ఇరవై ఏండ్లు దించే ఉన్నది." మైకు దగ్గరికి ఇంకాస్త జరిగింది. "మోటర్ కాలితే నన్ను తిట్టుండ్రి. తిరిగితే నన్ను మెచ్చుకోండ్రి. ఇనవడుతున్నదా?"

విన్నాం ఇద్దరం, మళ్లీ మొదటినుంచి. అడుగు ఉంది. బావి అడుగున నీళ్లు కదిలినట్టు ఉంది. నేను నాలుగు వాక్యాల పాఠం చదివి అదీ వినిపిస్తే, తల ఊపి, "నీ గొంతు జీరనే ఉన్నది. కని నీదే ఉన్నది," అంది. ఆ పెట్టెతోనే ఆ ఏటి పాఠాలన్నీ చదివాను. తేనె అక్కర్లేని పిల్లలు ఇప్పటికీ వింటున్నారు.

పోయేముందు గడపలో నిలబడి అంది: "నేను మాట్లాడింది జాగ్రత్త చెయ్యి. ఇప్పుడు ఇనిపించకు, ఆయన కౌంటర్ల తలెత్తలేడు. నేను పోయినంక ఇనిపియ్యి. అందరి ముంగట."

"నేనే ముందు పోతే?"

"నువ్వు పోవు. యముడొస్తే కారణమడుగుతవు."

అందుకే ఫోన్‌లో ఆ ముక్క పెట్టుకుని పదోరోజుకు వచ్చాను. వచ్చానే కానీ, టెంటు కింద ఆమె మొగుణ్ని చూసేసరికి ఫోన్ మళ్లీ బ్యాగులో వేసుకున్నాను. గుండు చేయించుకుని, భుజమ్మీద తువ్వాలుతో, కౌంటర్‌ లేని మనిషి ఎంత చిన్నగా ఉంటాడో అంత చిన్నగా కుర్చీలో ఉన్నాడు. పోయినావిడ మాట నిలబెట్టాలంటే బతికున్నాయన్ని నలుగురిలో నిలబెట్టాలి. ఎందుకులే, పిల్లలకు వినిపిస్తే సరిపోదా, అనుకున్నాను. అవును, నేనే. మళ్లీ నోరు మూసుకోబోయాను.

భోజనాల దగ్గర నా పక్కన వాడపల్లి వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. కృష్ణ ఒడ్డున మోటారు ఉందట. "ఇగ మా మోటర్ ఎవరు సుట్టాలె? ఆమె సుట్టినట్టు ఎవరు సుడతరు?" అన్నాడు.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఆమె సుట్టిందని నీకెట్ల ఎరుక?"

"ఎరుకగాక? మోటర్ ఇప్పితే తీగలకు పూలముడి ఉంటది గదమ్మా. మా ఇంటామె మల్లెపూలకు ఏసేది గదే ముడి. ఏ మొగోడు ఏస్తడు పూలముడి? అందరికెరుకే."

ఎన్నిసార్లు చూశాను ఆ ముడి! నేనూ కట్టాను, చిన్నప్పుడు. "ఎరుకైతే మరి ఇన్నేండ్లు ఒక్కరన్న ఒక్క మాట అన్నరా? మంచిగ సుట్టినవని?"

"ఆళ్లు పరద కట్టుకున్నరు. మనమెందుకు తియ్యాలె?" అని ఆయన సాంబారు కలుపుకున్నాడు.

అదీ సంగతి. పరదా ఆమె దాక్కోవడానికి కాదు, వీళ్లందరూ హాయిగా ఉండటానికి. నేను విస్తరి ముందునుంచి లేచాను.

మైకులో మరిది మాట్లాడుతున్నాడు, మా వదిన నోట్లో నాలుక లేని మనిషి అని. ఆయన ముగించేదాకా ఆగాను. అంత సభ్యత నాకూ ఉంది. తర్వాత మైకుసెట్ ఆయన దగ్గరికి పోయి, "ఇందులో ఒక ముక్క ఉన్నది, పెట్టు," అని ఫోన్ ఇచ్చాను. ఏ భక్తిపాటో అనుకుని వైరు తగిలించాడు.

ఇగో, ఇనుండ్రి, అంది ఆమె, బజారు వైపు తిప్పి కట్టిన రెండు హారన్లలోంచి.

గరిటెలు ఆగిపోయాయి. మోటర్లల్ల సగం నేను సుట్టినయే, అంది. కౌంటర్ల కూసోని చాయ తాగిండు, అంది. నేను ఆమె మొగుడి వంక చూశాను. తల ఎత్తలేదు. ఆపమని కూడా అనలేదు. అది ఒప్పుకోవడమా, చేతకాకపోవడమా అన్నది నేను తేల్చను. బోర్డు మీద పేరు అనేసరికి మరిది మొహం మాడింది. నాకు నోరున్నది అని ఆమె అరిచేసరికి, మరిది మైకుసెట్ ఆయనకు చెయ్యి కిందికి ఊపి సైగ చేశాడు. ఆయన చెయ్యి నాబు మీదికి పోయింది, ఆనాడు సరిగ్గా నా చెయ్యి పోయినచోటికే.

ఫటీమని దెబ్బ. "దించకు!"

మైకుసెట్ ఆయన కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇరవై ఏండ్లు దించే ఉన్నది, అంది ఆమె. తిట్టుండ్రి, అంది. మెచ్చుకోండ్రి, అంది. తర్వాత, వీధి చివర ఫ్లెక్సీదాకా పోయేలా అడిగింది: "ఇనవడుతున్నదా?"

బంతి చివర వాడపల్లి రైతు ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు.

"ఇనవడుతున్నదమ్మా," అన్నాడు. గట్టిగానే అన్నాడు.